తుప్పు చెయ్యి

చెల్లెలు పాత తువ్వాలు మూట బల్ల మీద పెట్టింది. "దీని తుప్పు వదలగొట్టి కొత్తదానిలా చెయ్యి అన్నయ్యా. వచ్చే వారం మా మరిది వచ్చి పట్టుకెళ్తాడు. అన్న గుర్తుగా ఉంచుకుంటాడట."

అతను తుపాకులు బాగుచేసే మనిషి. కొట్టూ పనిముట్లూ తండ్రి ఇచ్చినవే. మూట విప్పితే చెల్లెలి మొగుడి పిస్తోలు. ఆ మొగుడు దీంతోనే తనను తాను కాల్చుకున్నాడని పోలీసులు తేల్చి, కొన్ని నెలలు ప్లాస్టిక్ సంచిలో మగ్గబెట్టి, ఈమధ్యే ఇంటికి పంపేశారు.

"నువ్వేం ముట్టుకోలేదు కదా?" అని నవ్వులాటకే అడిగాడు.

"నేనా? జన్మలో ముట్టుకోలేదు. ఇప్పుడు కూడా తువ్వాలుతోనే తీశాను."

అలా అడగడానికి కారణం ఉంది. కొందరి చేతి చెమట ఇనుముకు పడదు. వాళ్ళు పట్టుకున్న చోట తెల్లారేసరికి వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలతాయి. చెల్లెలిది అలాంటి చెయ్యి. చిన్నప్పుడు తండ్రి ఆమెను తుప్పు మహారాణి అని ఏడిపిస్తూ కొట్టు గడప దగ్గరే కూర్చోబెట్టేవాడు. ఆమె కుట్టుసూదులు నాలుగు రోజులు కూడా నిలిచేవి కావు. మొగుడికీ ఆ సంగతి తెలుసు. ఆదివారం ఆదివారం పిస్తోలుకు నూనె పట్టిస్తూ, "నువ్వు దీని దరిదాపులకు రాకు, నాశనం చేస్తావు" అని బంధువుల ముందు ఎగతాళి చేసేవాడు. మహానుభావుడు, పిస్తోలును చూసుకున్నంత పదిలంగా పెళ్ళాన్ని చూసుకుంటే ఏం పోయేది?

నూనెలో నానబెట్టి, సన్నటి ఇనప పీచుతో రుద్దసాగాడు. సంచిలోని చెమ్మకు పట్టిన పైపై తుప్పంతా గుడ్డకు అంటి వచ్చేసింది. పిడి ముందువైపు మాత్రం రాలేదు. అక్కడ తుప్పు లోహాన్ని తిని గుంటలు పెట్టింది. దీపం దగ్గరకు లాగి చూశాడు. మూడు వేళ్ళు పక్కపక్కన ఉన్నాయి. ట్రిగ్గర్ మీద ఇంకొకటి ఉంది. గుడ్డతో తుడిస్తే గుర్తు పోతుందేమో గాని చెమటలోని ఉప్పు పోదు. సంచిలో పడి ఇన్నాళ్ళూ తన పని తాను చేసుకుపోయింది.

కింద పడి ఉంటే తీశాను అన్నయ్యా అని చెల్లెలు ఒక్క మాట అని ఉంటే అతను కళ్ళు మూసుకుని నమ్మేవాడు. ఆమె ఆ మాట అనలేదు.

వదిన చేతి సంగతి మరిదికీ తెలుసు. అన్న చావు మీద అనుమానం అతన్ని మొదటినుంచీ తొలుస్తూనే ఉంది. పిస్తోలు ఇలాగే అతని చేతిలో పడితే చెల్లెలి బతుకు జైల్లోనే తెల్లారిపోతుంది.

ఇనుమును అరగదీసే ఎమరీ కాగితం తీసుకున్నాడు. పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు. గుంటల అడుగు అందేదాకా చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీశాడు. తర్వాత పాత నల్లరంగు మళ్ళీ ఎక్కేలా మందు పూసి, కావాలనే కొత్త తుప్పు పట్టనిచ్చి, నీళ్ళలో మరిగించాడు. ఎర్రది నల్లబడింది. బ్రష్‌తో దులిపి మళ్ళీ పూశాడు, మళ్ళీ మరిగించాడు. చివరికి పిస్తోలు నిగనిగలాడుతూ, పాపం పుణ్యం ఎరగనట్టు బల్ల మీద కూర్చుంది.

చెల్లెలు వచ్చి, సామాను కదలకుండా పట్టే, బల్లకు బిగించిన ఇనప వైసు మీద చెయ్యి ఆన్చి, వంగి చూసింది.

"ఏమైనా కనిపిస్తోందా అన్నయ్యా?"

"ఏం కనిపించాలి?" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

"ఎందుకు నీళ్ళు నములుతావు? నీకు తెలిసిపోయిందిలే."

అతను కాసేపు గుడ్డ మడతపెట్టాడు, విప్పాడు. "అంతదాకా వస్తే నాకో మాట చెప్పకూడదా?"

"చెప్పాను కదా. పెదవి చిట్లి వచ్చాను, గుర్తుందా? ఇదే బల్ల దగ్గర కూర్చోబెట్టి దూదితో రక్తం తుడిచావు. సర్దుకుపో, నలుగురూ ఏమనుకుంటారు అన్నావు. బస్సెక్కించి పంపావు." పిస్తోలును తువ్వాలులో చుట్టుకుంది. "బాగా తుడుస్తావు అన్నయ్యా. అప్పుడూ మచ్చ కనపడలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే అతను తట్టుకునేవాడేమో. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆమె మూట పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టు తెరిచేసరికి వైసు మీద నాలుగు వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి. అలవాటుగా ఎమరీ కాగితం అందుకున్నాడు. రుద్దలేకపోయాడు. కాగితం పక్కన పడేసి, ఆ వేళ్ళ మీద తన వేళ్ళు ఆన్చి, ఎవరూ లేని కొట్టులో వెక్కివెక్కి ఏడ్చాడు.