డ్రైవర్ తప్పిదం

కొత్త లారీ మూడోసారి దారిమధ్యలో మొరాయించేసరికి డ్రైవరమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. బండి కొని ఎనిమిది నెలలు కూడా కాలేదు. పక్క సీటుకు కంపెనీవాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. ఇంజన్ని చల్లబరిచే నీటి పంపును మాత్రం అప్పటికే రెండుసార్లు మార్చారు. ఇప్పుడు మళ్ళీ వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు ఎగబాకింది. గీతను తాకకముందే ఆమె బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపేసింది. వెనకాల నిండా టమాటా బుట్టలు, నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ. ఇంకో లారీ దొరికి సరుకు మార్చేలోగా సగం బుట్టల్లోంచి రసం కారింది.

డ్రైవరమ్మ అన్నది లోడింగు కూలీలు పెట్టిన పేరు. అంతకుముందు ఆ ఇంట్లో లారీ తోలింది ఆమె అన్నయ్య. నడుము నొప్పితో అతను స్టీరింగు వదిలేస్తే ఆమె పట్టుకుంది. పట్టుకుని పదకొండేళ్ళయింది. ఈ కొత్త బండి ఇద్దరూ కలిసి కొన్నది.

ఆ సాయంత్రమే బండిని సర్వీసు సెంటరుకు లాక్కెళ్ళారు. మర్నాడు పొద్దున్నే ఆమె అక్కడికి వెళ్ళేసరికి అన్నయ్య అప్పటికే మేనేజరు అద్దాల గదిలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"రండి మేడమ్," అన్నాడు మేనేజరు, అన్నయ్య మీంచి చూపు తిప్పకుండానే. "సార్‌కి అదే చెప్తున్నాను. ముల్లు పైకి లేచాక కూడా బండిని అలాగే తోలేస్తుంటే పంపు మాత్రం ఏం చేస్తుంది? లోపలి రెక్కలు కరిగిపోవూ?"

"నేనెక్కడ తోలాను? గీత తాకకముందే ఆపాను."

"అందరూ అలాగే అంటారు మేడమ్."

ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. కారణం అన్నచోట 'డ్రైవర్ తప్పిదం' అని టైపు కొట్టి ఉంది. అది ఒప్పుకుంటే ఆ ఇంజన్‌కు ఇక వారంటీ ఉండదు. కింద రెండు సంతకాలకు జాగా. ఒకచోట అన్నయ్య సంతకం అప్పటికే పడిపోయింది.

ఆమె అన్నయ్య వైపు చూసింది. అతను గ్లాసులోకి చూశాడు.

"పెట్టెయ్యవే. గొడవెందుకు? నా చేతిలో ఉన్నన్నాళ్ళూ పాత బండికి ఒక్క పంపైనా పోయిందా చెప్పు?"

"అంటే?"

"అంటే ఏముంది? కాస్త చూసుకుని నడపమంటున్నాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిస్తే ఏమంటుందో తనకే తెలియక ఆమె మేనేజరు వైపు తిరిగింది. "విప్పిన పంపు చూపించండి."

"అది కంపెనీకి పంపాలి మేడమ్. ఇవ్వకూడదు."

"ఇమ్మనలేదు. చూపించమన్నాను."

"రూల్స్ ఒప్పుకోవు మేడమ్."

ఆమె తలుపు తోసుకుని వర్క్‌షాపులోకి నడిచింది. అదే రకం లారీలు ఇంకో మూడు, క్యాబిన్లు ముందుకు వంచుకుని నిలబడి ఉన్నాయి. ఆమె బండి దగ్గర పెద్ద మేస్త్రి గొట్టాలు విప్పుతున్నాడు.

"నా పంపు ఎక్కడుందండీ?"

మేస్త్రి అద్దాల గది వైపు ఒకసారి చూశాడు. "నా రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుందమ్మా," అన్నాడు.

"సాక్ష్యం చెప్పమనట్లేదు. ఎక్కడుందో చెప్పండి చాలు."

ఆయన చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు వెళుతూ, దారిలో ఉన్న నీలం పీపాను చెప్పుకాలితో చిన్నగా తన్ని ముందుకు సాగిపోయాడు.

పీపాలో పైన పాత ఫిల్టర్లు, తెగిన బెల్టులు. వాటి కింద పంపులు. ఆమె ఒక్కొక్కటే బయటికి తీసింది. ఏడు పంపులు, ప్రతిదానికీ బండి నంబరు రాసి కట్టిన అట్టముక్క. ఏ పంపులోనూ ప్లాస్టిక్ రెక్కలు కరగలేదు. ఏడింటికీ ఇరుసు పట్టుకునే చోటే, ఒకే వైపు, ఒకే పొడవున చీలిక. వేలితో తిప్పితే ఇరుసు తిరుగుతోంది గానీ రెక్కలు కదలడం లేదు.

ఏడింటినీ ఒక రేకు ట్రేలో వేసుకుని వెళ్ళి మేనేజరు బల్ల మీద కుమ్మరించింది. జిడ్డునీళ్ళు కాగితం మీదుగా పారి అతని ఫోను కిందికి చేరాయి.

"లెక్కపెట్టండి! ఏడుగురు డ్రైవర్లూ తప్పు చేశారా? వెంట్రుకవాసి తేడా లేకుండా అందరూ ఒకే తప్పు చేశారా?"

"మేడమ్, టేబులు..."

"టేబులు తుడుచుకోవచ్చు. నిన్న నా వెనకాల బస్సొస్తోంది. నిండా జనం. ఇంజన్ బిగుసుకుపోయి నా బండి నడిమధ్యలో ఆగుంటే, దాన్ని దేంతో తుడుస్తారు?"

ఆ అరుపులకు బయట బెంచీ మీది డ్రైవర్లిద్దరు లోపలికొచ్చారు. వాళ్ళలో బట్టతలాయన ఒక అట్టముక్క ఎత్తి చూశాడు. "ఇది నా బండిదేనయ్యా! రేడియేటర్లో బోరునీళ్ళు పోశానని నన్ను కడిగేశావు గదా!"

తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. మేనేజరు లేచి, మూల నిలబడి, పైవాళ్ళకు ఫోను మీద ఫోను చేశాడు. మధ్యాహ్నానికి ఇనుప రెక్కల పంపులు తెప్పిస్తున్నట్టు చెప్పి, కొత్త కాగితం తెచ్చాడు. ఈసారి 'కస్టమర్ కోరికపై మార్చబడినది' అని ఉంది.

"నా కోరికేంటి? నేనేమైనా చీర మార్పించుకుంటున్నానా?"

ఆమె ఆ ముక్క కొట్టేసి, 'పంపు తయారీలో లోపం' అని తన చేత్తో రాసింది. ముందు అతని చేత సంతకం పెట్టించి ముద్ర వేయించింది. మిగతా లారీలను కూడా పిలిపించి మారుస్తారా అని అడిగితే "చూస్తాం" అన్నాడు. ఆ మాట మీద ఆమెకు నమ్మకం లేదు. అట్టముక్కల మీది నంబర్లన్నీ రాసుకుంది. ఆ బండ్లవాళ్ళందర్నీ పట్టుకునే బాధ్యత బట్టతలాయన తీసుకున్నాడు.

సాయంత్రం బండి బయటికొచ్చింది. అంతసేపూ గోడకానుకుని నిలబడ్డ అన్నయ్య దగ్గరికొచ్చాడు.

"నాకేం తెలుసే? అతనంత గట్టిగా చెప్తుంటే..."

"అతను గట్టిగా చెప్పాడు, నేను మెల్లగా చెప్పానా? నన్నొక్క మాట అడిగావా అన్నయ్యా? ఒక్క గ్లాసు టీకి పదకొండేళ్ళ నా డ్రైవింగు మర్చిపోయావు."

అతను నడుము పట్టుకుని క్యాబిన్ మెట్లెక్కాడు. ఎప్పుడూ చెయ్యందించే ఆమె ఆ రోజు అందించలేదు.

మూడు కూడళ్ళు దాటాక అతను ఏదో గొణిగాడు.

"వినపడలేదు," అందామె.

"తప్పయిందంటున్నానే."

ఆమె గేరు మార్చింది. కోపం దిగలేదు. అంత త్వరగా దిగడం ఆమెకూ ఇష్టం లేదు.