ఒక్క రోజులో ఆరు మ్యూజియంలు

మ్యూజియం పాస్ కొన్నవాణ్ణి నేను నడక చూసి గుర్తుపడతాను. వాడు ఆమ్‌స్టర్‌డామ్‌ను చూడడు, తరుముతాడు. పాస్‌కి పెట్టిన డబ్బు రాబట్టేదాకా వాడికి ఆకలి వెయ్యదు, కాళ్ళు నొప్పి పుట్టవు, వెనక కుంటుతూ వస్తున్న పెళ్ళాం గుర్తుకు రాదు. బొమ్మ ముందు నిలబడేది ఫోన్ పైకెత్తినంతసేపే. తర్వాత ఇంకో గుమ్మం వెతుక్కుంటాడు. మేం ఊరివాళ్ళం అలా చెయ్యం. మా దగ్గర ఏడాది కార్డులుంటాయి. వానొస్తే లోపలికి పోతాం, నచ్చిన ఒక గదిలో కాసేపు కూర్చుంటాం, శుభ్రమైన బాత్‌రూమ్ వాడుకుని బయటపడతాం.

నా పేరు ఫెన్నా. ఒక బీమా కంపెనీ తరఫున దొంగతనాల కేసులు చూస్తాను. ఆ సోమవారం కాలువ ఒడ్డున హెండ్రికా అనే పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. శనివారం ఆమె చెల్లెలి పుట్టినరోజుకని ఊట్రెక్ట్ వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి హాల్లో గోడ మీద తుఫానులో చిక్కుకున్న ఓడ బొమ్మ లేదు, దాని మేకు మాత్రం ఉంది. బొమ్మ అరచేతికన్నా కాస్త పెద్దది, విలువ మాత్రం ఇంటిలో సగం. తాళం పగల్లేదు. తాళంచెవులు హెండ్రికా కాక ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకరు మేనల్లుడు మార్నిక్స్. రెండో ఆమె ఎఫువా, అదే ఇంట్లో ఉంటూ పెద్దావిడను చూసుకునే ఘనా మనిషి.

శనివారం ఎఫువా బజారుకి వెళ్ళింది. ఆ సంగతి చెప్పడానికి సాక్షి ఎవరూ లేరు. హెండ్రికా అప్పటికే ఆమె పేరు పోలీసులకిచ్చి సంతకం పెట్టింది. మధ్యాహ్నం వాళ్ళొచ్చి ఎఫువాను తీసుకుపోతారు. వచ్చే నెల ఆమె నివాస అనుమతి పొడిగించుకోవాలి. దొంగతనం కేసు మెడకు చుట్టుకుంటే ఆమె బతుకు విమానమెక్కి వెనక్కి పోతుంది.

వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. ఎఫువా మాత్రం కప్పులు కడుగుతూ నిలబడే ఉంది.

"మేడం, నేను దొంగనైతే ఇన్నేళ్ళూ మీ నగల పెట్టె నా చేతికే ఎందుకిచ్చారు?" అంది వెనక్కి తిరక్కుండానే.

"నేనూ అదే ఆలోచిస్తున్నా," అంది హెండ్రికా. "రేపు అదీ తెరిచి చూసుకోవాలి."

మార్నిక్స్ ఆవపిండి రంగు మఫ్లరు సవరించుకుంటూ నిట్టూర్చాడు. నలభై దాటినా ఇంకా అత్త పోయేదాకా రోజులు లెక్కపెట్టుకుంటూ బతికే రకం.

"పాపం, ఆమెను ఏమనకండి అత్తయ్యా. లేనివాళ్ళకి ఆశ పుడుతుంది. మనమే జాగ్రత్తగా ఉండాల్సింది."

"శనివారం మీరెక్కడున్నారు?" అని అడిగాను.

"మ్యూజియంలలో. పోలీసులు నా కార్డు తనిఖీ చేసుకున్నారు కూడా. పొద్దున తలుపు తీసినప్పుడు మొదటిది, సాయంత్రం మూసే ముందు ఆరోది. మధ్యలో వచ్చి బొమ్మ ఎత్తుకుపోవడానికి నాకేమన్నా రెక్కలున్నాయా మేడం?"

"ఆరా?"

"ఆరు. కళంటే నాకు ప్రాణం."

"నీకా?" అంది హెండ్రికా. "నా పుట్టినరోజుకి కచేరీకి తీసుకెళ్తే గురకపెట్టావు. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు."

"అది సంగీతం అత్తయ్యా."

"ఏవేవి చూశారు?" అన్నాను.

అతను తడుముకోకుండా అప్పజెప్పాడు. పెద్దది, దాని పక్కది, వజ్రాలది, ఓడలది, పొగపైపులది, పిల్లుల బొమ్మలది. నేనీ ఊళ్ళో పుట్టాను. పొగపైపుల మ్యూజియం చూడకుండానే చనిపోయిన పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు. ఎవరూ ఆ దిగులుతో పోలేదు. ఏడాది పొడుగునా ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళగల మనిషి ఒక్క శనివారం ఆరు గుమ్మాలు ఎందుకు ఎక్కుతాడు? అంత ఆత్రం ఎల్లుండి రైలెక్కి పోయేవాడికి ఉంటుంది. పైగా గుమ్మం దగ్గర యంత్రం కార్డును గుర్తుపడుతుంది గానీ మొహాన్ని కాదు.

"మీ ఇంట్లో చుట్టాలెవరన్నా ఉన్నారా?" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు మార్నిక్స్, కొంచెం తొందరగా.

"చుట్టాలా? వీడి మొహానికి చుట్టాలెవరొస్తారు?" అంది హెండ్రికా. "పై గది అద్దెకిస్తాడు. టూరిస్టులు. వారానికొక జత."

ఫోన్ చేసుకోవాలని చెప్పి బయటపడ్డాను. మార్నిక్స్ ఇల్లు రెండు సందుల అవతలే. గుమ్మం మెట్టు మీద ఒకావిడ బూట్లు విప్పి, బొబ్బలెక్కిన మడమకి పట్టీ వేసుకుంటోంది. పక్కన ఒక బట్టతలాయన మ్యాపు మీద గీతలు గీస్తున్నాడు. ఆస్ట్రియా నుంచి వచ్చారట. ఆయన పేరు గెర్నోట్, ఆవిడ ట్రౌడల్.

"ఊరు బాగుందా?" అన్నాను.

"బాగుంది. శనివారం ఆరు కొట్టాం," అన్నాడు గెర్నోట్, చేపలు పట్టినవాడిలా.

"కొట్టింది నువ్వు," అంది ట్రౌడల్. "నేను బయట ఆరు బెంచీలు చూశాను. కార్డు ఒక్కటేగా. ఓడల దగ్గర బెంచీ తడిగా ఉంది కూడా."

"పిల్లుల దగ్గర నిన్ను పంపిస్తానన్నానుగా."

"పిల్లులు మనింట్లోనే ఉన్నాయి గెర్నోట్."

"ఏది బాగా నచ్చింది?" అని అడిగాను.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "రెండోది. లిఫ్టు చాలా వేగంగా ఉంది. రోమ్‌లో పాస్ కొని ఒక్క రోజులో అయిదే చెయ్యగలిగా. పారిస్‌లోనూ అయిదే. ఇక్కడ కొనే పనే లేకపోయింది. ఇంటాయన తన కార్డే ఇచ్చాడు. రెండు చూసి రండి చాలు అన్నాడు. నేనెందుకు ఊరుకుంటాను? ఆదివారం కూడా ఇస్తానని చెప్పి, మళ్ళీ కనిపించలేదు. రేపు మా రైలు. ఇంకా రెండు మిగిలాయి."

కళ్ళ ముందు ఓ మనిషి జీవితం వేలాడుతున్నప్పుడు నవ్వకూడదు. నేను నవ్వలేదు.

"ఆయన వాళ్ళ మేనత్త ఇంట్లో ఉన్నాడు," అన్నాను. "రండి, నేనే తీసుకెళ్తా. అక్కడే అడుగుదురుగాని."

మేం వెళ్ళేసరికి పోలీసాయన వచ్చేశాడు. ఎఫువా కోటు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. మార్నిక్స్ ఆయనకి కాఫీ పోస్తున్నాడు. గెర్నోట్ వంటింటి గుమ్మంలో నిలబడి, మార్నిక్స్‌ని చూసి మొహం వెలిగించుకున్నాడు.

"ఇక్కడున్నారా సార్. కార్డు ఒక్క పూటకి ఇస్తారా? నాలుగింటికల్లా తెచ్చిస్తాను."

కాఫీ కప్పు దాటి సాసర్లోకి, అక్కణ్ణుంచి బల్ల మీదికి పోయింది.

"ఎవరీయన?" అన్నాడు మార్నిక్స్.

"అదేంటి సార్, మీ పై గది. శనివారం మీ కార్డు మీద తిరిగిందే నేను."

"ఎవరో పిచ్చివాడు. అబద్ధం చెప్తున్నాడు."

గెర్నోట్‌కి కోపమొచ్చింది. దొంగసాక్ష్యం అంటగడుతున్నారని కాదు. తన ఆరింటినీ అబద్ధమన్నందుకు. ఫోన్ తీసి పోలీసాయన చేతిలో పెట్టాడు. ప్రతి మ్యూజియం బోర్డు కింద అదే బట్టతల, అదే బొటనవేలు. ఆరు బోర్డులు, ఆరు బొటనవేళ్ళు. మూలన ట్రౌడల్ మోచెయ్యి.

"పిల్లులవి ఇంకా ఉన్నాయి, చూడండి," అన్నాడు గెర్నోట్.

"చాలు," అన్నాడు పోలీసాయన. మార్నిక్స్ వైపు తిరిగాడు. "మరి శనివారం మీరెక్కడున్నారు?"

మార్నిక్స్ కాసేపు మఫ్లరుతో ఆడుకున్నాడు. తర్వాత గోడ మీద గడియారానికి చెప్పినట్టు చెప్పాడు. బొమ్మ పక్క ఊరు హార్లెమ్‌లో ఒక పాతసామాన్ల వ్యాపారి దగ్గరుంది. అమ్మేశాడు. ఎంతకని హెండ్రికా అడిగింది. చెప్పాడు.

"అంతకేనా?" అందావిడ. దొంగిలించినందుకు ఎర్రబడని మొహం అప్పుడు ఎర్రబడింది. "అడ్డగాడిద. దాని చట్రమే అంతకన్నా ఎక్కువ."

పోలీసాయన అతన్ని లేపాడు. కార్డు దక్కదని అర్థమైన గెర్నోట్ పెళ్ళాన్ని తీసుకుని తనే వెళ్ళిపోయాడు. హెండ్రికా బల్ల మీది కాఫీ మరక వైపు వేలు చూపించింది.

"సరేలే ఎఫువా, అంతా తేలిపోయింది. కోటు విప్పి అది తుడువు. సూప్ ఆలస్యమవుతోంది."

ఎఫువా లేవలేదు. "ముందు నా పేరు కొట్టేయించండి మేడం."

"ఆయనకి తెలిసిందిగా."

"ఆయనకి తెలిసింది. మీరు సంతకం పెట్టిన కాగితంలో నేనింకా దొంగనే."

హెండ్రికా నా వైపు చూసింది. నేను ఆవిడ కళ్ళజోడు అందించాను. పోలీసాయన గుమ్మం దగ్గరే ఆగి, కొత్త కాగితం మీద రెండు ముక్కలు రాశాడు. ఆవిడ కరెంటు బిల్లు చూసినట్టు మొహం పెట్టి సంతకం చేసింది. ఎఫువా దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని పైకి వెళ్ళింది. ఓ పెద్ద పెట్టె, ఓ చిన్న బ్యాగుతో దిగింది.

"ఇప్పుడేమైందని?" అంది హెండ్రికా. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. రేపట్నుంచి మామూలే."

ఎఫువా పెద్ద పెట్టెను గుమ్మం దాటించింది. చిన్న బ్యాగు నేను పట్టుకున్నాను. మేం వంతెన దాకా వచ్చేసరికి కిటికీ తెరుచుకుంది.

"ఎఫువా, రాత్రికి నా కంట్లో చుక్కలెవరు వేస్తారు?"

ఎఫువా పెట్టెను రెండో చేతికి మార్చుకుంది.

"ట్రామ్ వస్తోంది," అంది నాతో. "ఆ బ్యాగు ఇలా ఇవ్వండి."