ఇరవై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు

మా పిన్ని చేతిగడియారం విప్పడం మొదలుపెట్టిన ఇరవై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లకి నా కెమెరా ఆగిపోయింది. ఆగిన సంగతి నాకు తెలియకపోవడమే అసలు సిగ్గుచేటు. స్టూలు మీద కూర్చుని, ఫ్రేమ్ ఎంత బాగా కుదిరిందో చూసుకుంటూ, మనసులో నన్ను నేనే తెగ మెచ్చుకుంటున్నాను. స్క్రీన్ మీద బొమ్మ కదులుతూనే ఉంది మరి! రికార్డింగ్ దీపం ఒక్కటే ఆరిపోయింది. ఆ మాట కూడా పిన్నే చెప్పింది, కంటికి బిగించుకున్న భూతద్దం తియ్యకుండానే.

"ఏమే, ఇందాకటిదాకా ఈ గాజు మూత మీద ఎర్ర చుక్క పడేది. ఇప్పుడు లేదేంటి?"

చూస్తే ఆరు నిమిషాలైంది ఆగి. ఆ ఆరు నిమిషాల్లో పిన్ని నాలుగు చక్రాలు బయటికి తీసేసింది.

"మళ్ళీ మొదటి నుంచా?" అంది.

"మళ్ళీ మొదటి నుంచే" అన్నాను.

సంగతేమిటంటే, పిన్ని పంతొమ్మిదేళ్ళుగా ఒక గడియారాల షాపులో పనిచేస్తోంది. రిపేర్లన్నీ తనవే, షాపు మాత్రం ఓనరు గారిది. ఆయనకి చూపు తగ్గింది, నెలాఖరుకి మానేస్తానన్నారు. షాపు పిన్నికి అప్పగించడానికి ఆయనకి అభ్యంతరం లేదు గానీ, వాళ్ళకి రిపేర్ పని ఇచ్చే గడియారాల కంపెనీకి ఉంది. గడియారాల పనివాళ్ళ సంఘం ఇచ్చే సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే ఏజెన్సీ ఇస్తారు. లేకపోతే పక్క వీధిలో వాళ్ళకి పోతుంది. ఆ సర్టిఫికెట్‌కి పరీక్ష ఒక వీడియో. చేతిగడియారం ఒకటి పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి, బిగించి, నడిపించి చూపించాలి. ప్రతి స్క్రూ తల స్పష్టంగా కనిపించాలి. పక్కనున్నవాళ్ళు నోటిమాట సాయం కూడా చెయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క కట్ కూడా ఉండకూడదు. మొత్తం పనికి పిన్నికి గంటా పది నిమిషాలు పడుతుంది.

షాపుకి ఆదివారమే సెలవు. గడువులోపు మాకు మిగిలినవి రెండే ఆదివారాలు, ఇది అందులో మొదటిది.

ఫోన్‌తో తీస్తే పోదా అని మీరు అడగొచ్చు. బాబాయి అదే అడిగాడు, పొద్దుటి నుంచి నాలుగుసార్లు. ఫోన్ దగ్గరగా పెడితే పిన్ని చేతి నీడ పడుతుంది, దూరంగా పెడితే స్క్రూ చీమ తలకాయంత కనిపిస్తుంది. నా కెమెరాకి ఉన్న లెన్స్‌తో అయితే జానెడు దూరం నుంచి స్క్రూ తల రూపాయి బిళ్ళంత కనిపిస్తుంది. అందుకే నేను ఎగిరి గంతేసి, "పిన్నీ, నేను తీస్తా, సినిమాలా తీస్తా" అని మాటిచ్చేశాను. కెమెరా సెకండ్ హ్యాండ్‌ది, కొని రెండు నెలలు. అప్పటిదాకా నేను పది నిమిషాలు దాటి ఏదీ తియ్యలేదు.

మెనూ అంతా గాలించాను. అరగంటకి రికార్డింగ్ ఆపేసే పరిమితిని తీసేసే మీట ఎక్కడా లేదు. కస్టమర్ కేర్ నంబరుకి ఆదివారం కూడా ఎత్తుతారని రాసి ఉంటే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"మేడమ్, అది లోపం కాదండీ, ఫీచర్" అన్నాడతను.

"ఫీచరంటే ఉండేది కదండీ. ఇది లేనిది."

"మీ పై మోడల్‌లో ఉంది మేడమ్."

"రెండింట్లో లోపల చిప్ ఒకటే అని మీ బ్రోషర్‌లోనే వేశారు కదా?"

"అవును మేడమ్. రెండూ చాలా మంచి మోడల్స్."

బాబాయి నవ్వాపుకోలేక షాపు బయటికి వెళ్ళిపోయాడు. నేను ఫోన్ పెట్టేసి కెమెరా వాడేవాళ్ళ గ్రూపులు తెరిచాను. అక్కడ నాలాంటివాళ్ళు వందల మంది గగ్గోలు పెడుతున్నారు. నాటకం మొత్తం తియ్యబోతే క్లైమాక్స్‌లో ఆగిందని ఒకడు, ఉపన్యాసం తీస్తుంటే ఆగిందని ఒకామె. కొత్త అప్‌డేట్‌లో ఇస్తారేమో అని మూడేళ్ళ క్రితం ఒకాయన ఆశగా రాసుకున్నాడు, కింద జవాబే లేదు. ఎక్కడో ఒకప్పుడు అరగంట దాటి తీసే కెమెరాకి వేరే పన్ను ఉండేదట, అందుకని ఒక సెకను తగ్గించారట, ఆ పన్ను పోయినా సెకను మాత్రం తిరిగి రాలేదట. నిజమో అబద్ధమో నాకు తెలియదు. చదువుతుంటే మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే నాకో ఐడియా వచ్చింది, తెలివైనదనే అనుకున్నాను.

"పిన్నీ, ఇరవై తొమ్మిదేసి నిమిషాలకోసారి నేను దగ్గుతా. నువ్వు బ్రష్ కోసం అన్నట్టు చెయ్యి లెన్స్ ముందు నుంచి పోనియ్యి. చెయ్యి అడ్డం ఉన్నప్పుడు నేను ఆపి మళ్ళీ మొదలుపెడతా. తర్వాత ముక్కలన్నీ కలిపేస్తా. సినిమాల్లో అందరూ చేసేదే."

పిన్ని బ్రష్‌ని బల్లకి అవతలి పక్కకి జరిపి పెట్టుకుంది. మధ్యాహ్నం అలాగే తీశాం. మొదటి అతుకు దగ్గర కెమెరా ఫైల్ రాసుకుని మళ్ళీ సిద్ధమయ్యేసరికి ఐదారు సెకన్లు పట్టింది. పిన్ని అరచెయ్యి లెన్స్ ముందే ఉంచి ఓపిగ్గా ఆగింది. అక్కడే కూర్చుని లాప్‌టాప్‌లో ముక్కలు కలిపాను. నేనే కనిపెట్టలేనంత నున్నగా వచ్చింది. గర్వంగా పిన్ని ముందు పెట్టాను.

ఆవిడ ఒక్కసారే చూసింది. "ఇదిగో, ఇక్కడ."

"ఏమీ లేదు పిన్నీ, చెయ్యి పోయింది అంతే."

"చెయ్యి పోకముందు ఈ స్క్రూ గాడి నిలువుగా ఉంది. పోయాక కొంచెం వాలింది. స్క్రూ ఊరికే తిరగదు కదా."

మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. నిజమే! నేను ఆపి మొదలుపెట్టే ఆ ఐదు సెకన్లలో పిన్ని రెండో చెయ్యి ఊరుకోలేదు. సగం విప్పిన స్క్రూని అలవాటుకొద్దీ కాస్త తిప్పేసింది.

"ఇది ఎవరు పట్టుకుంటారు పిన్నీ?"

"చూసేవాళ్ళు సినిమావాళ్ళు కాదే తల్లీ. నలభై ఏళ్ళు స్క్రూలు చూసినవాళ్ళు. దానికి తోడు కింద నేను సంతకం చెయ్యాలి, కట్ లేదని." ఆవిడ లాప్‌టాప్ మూత మెల్లగా దించింది. "వద్దులే. ఇది తీసెయ్యి."

నాకు ఏడుపొచ్చింది. పిన్ని నన్ను ఓదార్చలేదు, సొరుగు లాగి పాత గడియారం ఒకటి తీసి నా ముందు పెట్టింది. డయల్ మీద తారీఖు కిటికీ లేని మామూలు గడియారం. "పక్కనున్న కీ పుల్ల ఒక్క మెట్టు లాగి తిప్పు" అంది. తిప్పాను. ముళ్ళు కదల్లేదు, కానీ లోపల ఏదో చిన్నగా టిక్కు టిక్కుమంది. పిన్ని డయల్ ఊడదీసి చూపించింది. కింద ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా అంకెలున్న చక్రం, చక్కగా తిరుగుతోంది, ఎవరికీ కనిపించకుండా.

"తారీఖున్న మోడల్‌కీ దీనికీ లోపల మిషన్ ఒకటే. చక్రం తీసెయ్యడం కంటే కిటికీ కొయ్యకపోవడం తేలిక వాళ్ళకి."

"దొంగ వెధవలు!" అన్నాను.

"తిట్టుకుంటూ కూర్చుంటే కిటికీ రాదు. నీ దాన్లో బొమ్మ ఆగలేదన్నావు, ఆరిపోయింది ఎర్ర చుక్కే కదా. ఆ బొమ్మ బయటికొచ్చే దారి ఇంకేమైనా ఉందేమో చూడు."

ఆ మాట పట్టుకుని మూడు రోజులు తిరిగాను. బుధవారం దారి దొరికింది. కెమెరాకి టీవీ కేబుల్ తగిలిస్తే, రికార్డ్ నొక్కకపోయినా, లోపల కనిపిస్తున్న బొమ్మ టీవీలో వస్తుంది. టీవీకి బదులు రికార్డర్ డబ్బా తగిలిస్తే? ఫంక్షన్లకి వీడియోలు తీసే అన్న ఒకాయన బాబాయికి తెలుసు. ఆయన కెమెరాలు ఆదివారం ఖాళీ ఉండవు గానీ పాత డబ్బా ఒకటి ఇచ్చాడు, "రెండు గంటలు ఆగకుండా తీస్తుంది, కొంచెం వేడెక్కుతుంది, భయపడకండి" అంటూ.

తగిలించి చూశాను. తీస్తోంది! అరగంట దాటింది, ముప్పై ఒకటి, ముప్పై రెండు... నేను గదిలో గంతులేశాను. ఆ తర్వాత బొమ్మ చూశాను. మూలన బ్యాటరీ గుర్తు, పక్కన అంకెలు, సరిగ్గా నడిమధ్యలో తెల్లటి ఫోకస్ గడి. అవి లేని శుభ్రమైన బొమ్మ బయటికి ఇవ్వడం కూడా పై మోడల్‌కేనట. పైగా అరగంట పాటు ఏ మీటా తాకకపోతే కెమెరా నిద్రపోతుంది, ఇందాక నేను మీటలు కెలుకుతూ ఉన్నాను కాబట్టి మేలుకుని ఉంది. దూరం నుంచి నొక్కే వైరుకి ఈ మోడల్‌లో రంధ్రమే లేదు. అంటే పాతికేసి నిమిషాలకోసారి, జానెడు దూరంలో స్క్రూ చూస్తున్న లెన్స్ అణుమాత్రం కదలకుండా, నా వేలితో మీట సగం నొక్కాలి.

"సినిమాలా తీస్తానన్నావుగా డైరెక్టరమ్మా, ఇదేంటి టీవీలో మ్యాచ్‌లా ఉంది?" అన్నాడు బాబాయి.

"బాబాయ్, ప్లీజ్."

"స్కోరు కూడా వేస్తారా?"

రెండో ఆదివారం పొద్దున్న తొమ్మిదికి మొదలుపెట్టాం. షాపు షట్టర్ సగం దించేశాం. బాబాయిని మాట్లాడనని ఒట్టేయించుకుని, డబ్బాకి తగిలించి పిన్నికి కనిపించకుండా తిప్పిపెట్టిన మానిటర్ ముందు నా పక్కనే కూర్చోబెట్టాను. మర్నాటితో గడువు ఆఖరు.

పాతికో నిమిషంలో ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. బొమ్మ కదల్లేదు. పిన్ని చేతులు అసలే కదల్లేదు, అంటే పనికి కావలసినంతే కదిలాయి. చక్రాలు బయటికొచ్చాయి, బ్రష్ తిరిగింది, సూది మొన మీద నూనె బొట్టు మెరిసింది. యాభయ్యో నిమిషం, రెండోసారి నొక్కడానికి లేచాను. సరిగ్గా అప్పుడే టింగ్‌మని చిన్న చప్పుడు.

కీ ఇచ్చాక చక్రం వెనక్కి తిరక్కుండా పట్టుకునే స్ప్రింగ్ అది. వెంట్రుకంత ఉంటుంది. పట్టకారు కొసలోంచి ఎగిరిపోయింది.

నా వేలు దానంతటదే డబ్బా మీద స్టాప్ వైపు పోయింది.

"చెయ్యి తియ్యి దాని మీంచి" అంది పిన్ని, తలెత్తకుండా.

తీసి, కెమెరా మీట నొక్కాను. పిన్ని రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించి కదలకుండా కూర్చుంది. ఏదైనా ఎగిరితే లేవకూడదట, సగంసార్లు అది మన ఒంటి మీదే ఉంటుందట, లేస్తే పోయినట్టేనట. ఇది నాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం ఆవిడ ఎందుకలా బొమ్మలా కూర్చుందో నాకు అర్థంకాలేదు. తర్వాత బల్లని మూలమూలకీ వేలితో తడిమింది. బల్ల అంచుకీ నడుముకీ కట్టుకున్న గుడ్డని మడత మడతా లెన్స్ కిందికి తెచ్చి దులిపింది. లేదు. నాలుగు నిమిషాలు, ఐదు, ఆరు. చలికి వేసుకున్న స్వెటర్ ఎడమ చేతి అంచు లెన్స్ కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

మానిటర్‌లో నాకు కనిపించింది! ఉన్ని పోగుల మధ్య, పెద్ద గాలమంత. ఆవిడ మామూలు కంటికి కనిపించడం లేదు, భూతద్దం నుదుటి మీదికి తోసేసుకుంది. బాబాయికీ కనిపించింది. నోరు తెరిచాడు. తొడ మీద గట్టిగా గిల్లాను. నోరు మూసుకున్నాడు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పాపం. చెబితే పరీక్ష పోతుంది. చెప్పకపోతే ఆవిడ చెయ్యి తీసేసేలా ఉంది. తీసేసింది కూడా. కుడి చెయ్యి పెట్టింది, చూసింది, తీసింది. నేను కుర్చీ అంచుని పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ఆవిడ భూతద్దం కంటికి దించుకుని, మళ్ళీ ఎడమ చెయ్యి తెచ్చింది. ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చి, పట్టకారుతో తీసి, బ్రష్‌తో దులిపి, తిన్నగా దాని స్థానంలో పెట్టేసింది. ఒక నిట్టూర్పు కూడా లేదు. గంటా పదిహేడు నిమిషాలకి గడియారం నడిచింది.

ఆపగానే బాబాయి అరిచాడు. "గిల్లితే గిల్లావు, గోళ్ళు తీసుకోవే!"

"ఇది పంపొద్దు పిన్నీ" అన్నాను. "ఎగరగొట్టి ఏడు నిమిషాలు వెతకడం అంతా ఉంది. మధ్యాహ్నం ఇంకోసారి తీద్దాం."

"రోజూ జరిగేదేగా. ఇదే పంపు" అంది పిన్ని.

పంపాం. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. పని సరిగ్గా ఉందన్నారు. పోయిన స్ప్రింగ్‌ని వెతికిన పద్ధతికి విడిగా మార్కులు కూడా వేశారు. అయితే నడుమ ఉన్న తెల్ల గడి వల్ల మూడో చక్రం ఇరుసు దాని కింది కెంపు రాయి రంధ్రంలో కూర్చోవడం కనిపించలేదట. ఆ ఒక్క పనీ విడిగా తీసి పంపమన్నారు. రెండు నిమిషాలు చాలన్నారు.

"రెండు నిమిషాలైతే నీ కెమెరా ఒప్పుకుంటుందా, లేక పై మోడల్‌ని అడగమంటుందా?" అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రమే, డబ్బా లేకుండా, కేబుల్ లేకుండా, గడి లేకుండా తీశాను. పిన్ని చక్రం తీసి, చూపించి, పెట్టేసరికి నిమిషం నలభై సెకన్లు. ఇంత శుభ్రమైన షాట్ నేనింతవరకు తియ్యలేదు. పంపిన మర్నాడు ఉదయం, పిన్ని టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే మెయిల్ వచ్చింది. నేను చదువుతుంటే ఆవిడ నిలబడే విని, "నంబరేదో వేశారన్నావు, మళ్ళీ చదువు" అని సర్టిఫికెట్ నంబరు అరచేతి మీద పెన్నుతో రాసుకుని, తొమ్మిదిన్నర అవుతోందని చెప్పులు వేసుకుంది.