దానంతటదే పోయింది

నేను ఒక యూనివర్సిటీ ఈమెయిల్ ఖాతాను. మొహం అలా చిట్లించకండి. చదువుకునే రోజుల్లో మీకూ నాలాంటిది ఒకటి ఇచ్చే ఉంటారు, మీరే దాన్ని తెరిచి చూసి ఉండరు. అది మా జాతికి జరిగే మొదటి అవమానం. రెండోది ఇంకా ఘోరం. మీరు చేయని పనికల్లా నింద మా మీద వేస్తారు. రిపోర్టు రాయకపోతే మెయిల్ రాలేదంటారు, రాసి పంపకపోతే సర్వర్ పనిచేయలేదంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట ఒకడు. ఆ మద్దెల నేనే.

నేను కళ్ళు తెరిచింది అనంతపురం వైపు ఒక యూనివర్సిటీ గేటు ఎదుట, బాషా నెట్ సెంటర్‌లో. పరిశోధనలో కొత్తగా చేరిన కురువ లోకేశ్వరి అనే అమ్మాయికి నన్ను ఇచ్చారు. వేరుశనగ ఆకులకు వచ్చే మచ్చతెగులు మీద ఆమె పరిశోధన. పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ ఏ ఫోనుకు పంపాలని నేను అడిగితే, ఆ గడిలో సెంటర్ యజమాని బాషా తన నంబరు కొట్టాడు.

"నాది పెట్టకుండా నీది పెట్టినావేంది అన్నా?" అంది లోకేశ్వరి.

"మీరు ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ములు మారుస్తాంటారమ్మా. నా నంబరు ఎప్పటికీ ఇదే. అందరికీ ఇదే పెడ్తాండా."

ఎంత దయ! ఆ యూనివర్సిటీలో సగంమంది చదువుల తాళంచెవులు ఒక్క మనిషి చొక్కాజేబులో ఉన్నాయి. అది ఎవరికీ తప్పనిపించలేదు. లోకేశ్వరి కూడా తలూపి హాస్టల్‌కు వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూనే నన్ను మరిచిపోయింది. వాళ్ళ మంచీ చెడూ అంతా వాట్సాప్ గ్రూపులో. నాకు మిగిలినవి కోతులున్నాయి కిటికీలు మూసుకోండి అనే సర్క్యులర్లు.

నన్ను మరవని మనిషి ఒక్కడే. ఆమె గైడు, ప్రొఫెసర్ శేషఫణి. ఆయన ఫోను నిండిపోయింది. నిండితే ఖాళీ చేసుకోవాలి కదా? ఆయన అలా చేయలేదు. "మా గృహప్రవేశం వీడియోలు నీ మెయిల్‌కు పంపిస్తానమ్మా, అక్కడ భద్రంగా ఉంటాయి" అన్నాడు. గైడు అడిగితే కాదన్న విద్యార్థి ఇంతవరకూ పుట్టలేదు. పాలు పొంగడం ఒక ముక్క, వ్రతం ఒక ముక్క, బంతి భోజనాలు నాలుగైదు ముక్కలు. మచ్చతెగులు కోసం పుట్టిన నేను పప్పూ బూరెలూ మోశాను.

అదే పెద్దమనిషి ఒకసారి డీన్ అడిగిన రిపోర్టు రాయలేదు. "తయారుచేసి మెయిల్‌లోనే పెట్టాను సార్, దానంతటదే పోయింది" అని జవాబిచ్చి, కాపీ లోకేశ్వరికీ పంపాడు. చదివి నా ఒళ్ళు మండిపోయింది. నా దగ్గర ఏదీ దానంతటది పోదు. ఎవరిదో వేలు పడాలి.

ఇక అసలు సంగతి. హైదరాబాదులో పంటల తెగుళ్ళ మీద పనిచేసే ఒక పెద్ద ప్రయోగశాల లోకేశ్వరికి చోటిచ్చింది. ఇక్కడి మైక్రోస్కోపు చెడిపోయి దుప్పటి కప్పుకుని పడుకుంది కాబట్టి, అక్కడికి వెళ్తే తప్ప ఆమె పరిశోధన పూర్తికాదు. ఆ కబురు నా దగ్గరికే వచ్చింది. వచ్చి, తెరిచేవాళ్ళు లేక పడి ఉంది. చివరికి ప్రయోగశాలవాళ్ళే ఆమెకు ఫోన్ చేశారు. సాయంత్రంలోగా యూనివర్సిటీ మెయిల్ నుంచి ఒప్పుకుంటున్నానని రాయకపోతే ఆ చోటు తర్వాతివాళ్ళకు వెళ్ళిపోతుందన్నారు.

లోకేశ్వరి నా ముందు కూర్చుని, పాస్‌వర్డ్ గుర్తురాక వాళ్ళమ్మ పేరు కొట్టింది, హాస్టల్ గది నంబరు కొట్టింది. కాదన్నాను. కాదనడం నాకు మాత్రం సరదానా? చివరికి ఓటీపీ పంపాను. అది బళ్ళారిలో, బామ్మర్ది పెళ్ళిలో ఉన్న బాషా జేబులో మోగింది.

"అన్నా, నేను లోకేశ్వరిని. నీ ఫోనుకు ఓటీపీ వచ్చిండాది, చెప్పన్నా."

"ఎవ్వరికీ చెప్పొద్దని ఫోను ఎత్తితే చాలు మొత్తుకుంటాండారు గదమ్మా! నువ్వు లోకేశ్వరివేనని నాకెట్ల ఎరుక? యా పంట మీద నీ చదువు?"

"శనక్కాయ మీద అన్నా! మచ్చతెగులు! నా బతుకు పోతాందన్నా!" ఆమె ఏడ్చేసింది.

బ్యాండు మేళం నుంచి దూరంగా వచ్చి, కళ్ళజోడు వెతికి బాషా చదివేసరికి దాని గడువు తీరింది. మళ్ళీ పంపాను. ఈసారి తలుపు తెరుచుకుంది. ఆమె గబగబా జవాబు రాసి పంపమంది. నేను పంపలేకపోయాను. గృహప్రవేశంతో పీకలదాకా నిండి ఉన్నాను. అంత సిగ్గు నా పుట్టుకలో ఎరగను.

ఆమె గైడుకు ఫోన్ చేసింది.

"అయ్యో, వాటిని ముట్టుకోకమ్మా, మా ఇంట్లో ఆవిడ ఊరుకోదు. ఆ ప్రయోగశాల ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడు మళ్ళీ అప్లై చేద్దువులే."

వచ్చే ఏడట! పిల్ల చదువు ఆగినా ఫర్వాలేదు కానీ ఆయన పాలు పొంగుతూనే ఉండాలి! నాకు చేతులుంటే ఆ ఫోను లాక్కునేదాన్ని. లోకేశ్వరి "సరే సార్" అని పెట్టేసింది. తర్వాత పాలు పొంగే ముక్క మీద వేలు పెట్టి తీసేసింది. వ్రతం తీసేసింది. బంతి భోజనాల విస్తర్లన్నీ ఎత్తేసి, చెత్తబుట్ట కూడా దులిపింది. జవాబు పంపింది. నేను దాన్ని రెప్పపాటులో హైదరాబాదు చేర్చాను.

ఆమె వెళ్ళింది, పరిశోధన పూర్తి చేసింది, డాక్టరేట్ తెచ్చుకుంది. చదువు ముగిసినవాళ్ళ ఖాతాలు మూసేస్తున్నామని యూనివర్సిటీ నుంచి ఉత్తరువు వచ్చింది. ఎవరికి వచ్చిందంటారు? నాకే! ఉరిశిక్ష కాగితం ఖైదీ చేతికే ఇచ్చి, చదివి వినిపించుకోమన్నారు.

అయినా వాట్సాప్ గ్రూపులో ఆ కబురు తెలిసి లోకేశ్వరి వచ్చింది. నాలోని తన ఆకుల బొమ్మలు బయటికి తీసి దాచుకుంటూ ఉండగా శేషఫణి నుంచి ఫోన్.

"అమ్మా, ఆ గృహప్రవేశం వీడియోలు మా ఆవిడ చూస్తానంటోంది. కాస్త పంపించు."

లోకేశ్వరి తొణకలేదు. "మెయిల్‌లోనే పెట్టినా సార్. దానంతటదే పోయింది."

"అవునవును... ఈ మెయిళ్ళు ఇంతేనమ్మా" అన్నాడాయన.

చూశారా, పోయే ముందు కూడా నింద నా మీదే. కానీ ఈ ఒక్కటి మాత్రం నేను ఇష్టంగా మోసుకుపోతాను.