పదకొండు రోజుల హాజరు

ఎనిమిదేళ్ల కిందట, జూలై నెలలో, అసిరినాయుడు పదకొండు రోజులు రెండు చోట్ల ఉన్నాడు. ఒకటి, ఏడాదికోసారి పిలిచే రిజర్వు దళం క్యాంపు. రెండోది, గెడ్డ వాగు అవతల తన ఇల్లు. అందుకే అతని డిశ్చార్జి పుస్తకంలో నడత అనే గడిలో 'నమ్మదగనివాడు' అని రాసి ఉంది. ఆ సిరా ఇప్పటికీ ఆరలేదు. ఏ జేబులో పెట్టుకున్నా చొక్కాకి అంటుకుంటుంది. భార్య నీలవేణి ఉతికి ఉతికి విసిగిపోయి, ఇప్పుడతనికి నల్ల చొక్కాలే కుట్టిస్తోంది.

ఈ ఉదయం ఆ మాట మార్పించుకోవడానికి అతను దళం కచేరీకి వచ్చాడు. నీలవేణి జీడిపిక్కల పనికి వెళ్లింది, బడికి సెలవు. కాబట్టి ఎనిమిదేళ్ల కూతురు పైడిశ్రీ కూడా వెంట ఉంది. చక్కెర మిల్లులో కాపలా ఉద్యోగం సోమవారం దాకా ఖాళీ. నడత మంచిదని రాసి ఉన్నవాడికే ఇస్తారు. ఇప్పటికి తొమ్మిది గేట్లు అతని పుస్తకం తెరిచి చూసి, చేతులు తుడుచుకుని, మూసుకున్నాయి.

వరండాలో బల్ల ఉంది. ముందున్నవాడు లోపలికి వెళ్లిన ప్రతిసారీ బల్ల ఒక మనిషంత పొడుగు సాగుతుంది. పొద్దుటి నుంచి అసిరినాయుడు మూడోవాడే.

"నాన్నా, మన వొంతు ఎప్పుడొస్తాది?" అంటుంది పైడిశ్రీ.

"బల్లకి అలుపొచ్చినప్పుడు," అంటాడు.

జరిగింది పెద్ద నేరమేమీ కాదు. నీలవేణికి నెలలు నిండాయి, నొప్పులు వచ్చి పోతున్నాయి. "నువ్వు ఇంటికాడుండు బావా, హాజరు నాను పలుకుతాను," అన్నాడు దండాసి, అదే దళంలో ఉన్న స్నేహితుడు. రోజూ పొద్దున్నే పేరు పిలవగానే వెనక వరుసలోంచి "హాజర్ సాబ్" అన్నాడు. ఆ దళంలో పలికిన చోట మనిషి నిలబడి తీరాలి. ఇంకో అసిరినాయుడు నిలబడ్డాడు. పదకొండు రోజులు చపాతీలు తిన్నాడు, గురి తప్పకుండా కాల్చాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ అసిరినాయుడు దైవభీతి గలవాడు. దొంగ హాజరు మనసులో ముల్లులా గుచ్చుకుంటుంటే, సెలవు కోరుతూ నిజం రాసి పోస్టు చేశాడు. మంచికి పోతే చెడు ఎదురైంది. హాజరూ, అర్జీ ఒకే ఫైల్లో చేరాయి.

బల్ల ఆగిపోయింది. లోపలికి పిలుస్తారు.

సుబేదారు సాబు అసిరినాయుడి పక్క ఊరివాడే. అతని ముందు భోజనాల బల్లంత టేబులు. దాని పక్కన ఎనిమిదేళ్ల నాటి అసిరినాయుడు నిలబడి ఉన్నాడు. చలవ చేసిన యూనిఫారం, సన్నటి మీసం. ఎంతసేపటికీ సావధాన్‌లోనే ఉన్నాడు. బొటనవేళ్లు ప్యాంటు పక్క కుట్టు మీద ఉండాలని నియమం కదా, ఎవరో వాటిని అక్కడే దారంతో కుట్టేశారు.

"ఈడి నడత అత్యుత్తమం," అంటాడు సుబేదారు. "నువ్వే ఈడివని సంతకం పెట్టు. మాట నీకొచ్చేస్తాది."

"మరి ఇంటికాడున్నోడు?"

"ఉండడు. ఉండనోడికి ఏటవుతాది?"

"గెడ్డ పొంగిపోయి ఆటో ఆగిపోయింది సాబ్. పాప ఆటోలోనే పుట్టింది. నా సేతుల్లో పడింది. నాను లేకపోతే ఎవులు పట్టుకున్నట్టు?"

"అది మా కాయితాల్లో లేదు," అంటాడు సుబేదారు, కలం ఇస్తూ. ఆ గొంతులో కోపం లేదు. అదే అసిరినాయుణ్ణి ఎక్కువ భయపెడుతుంది.

సోమవారం గుర్తొస్తుంది. తొమ్మిది గేట్లు గుర్తొస్తాయి. అతను 'అ' రాస్తాడు.

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న పైడిశ్రీ కింద స్టూలు లేదు. ఆమె గాలిలో నెమ్మదిగా పడుతోంది. ఆరేళ్ల పిల్ల. 'సి'. నాలుగేళ్లు, రిబ్బన్లు జారిపోయాయి. అతని కళ్లు కాగితం మీదే ఉన్నాయి. 'రి'. రెండేళ్లు. 'నా' రాసి తల ఎత్తుతాడు. గౌను ఖాళీగా నేల మీద ఉంది. ఇంకా ఎవరి చేతుల్లోనూ పడని పసిగుడ్డు పైన గాలిలో ఉంది, ఒళ్లంతా తడి.

అసిరినాయుడు కలం కింద పడేసి చేతులు చాపుతాడు. వాటి కింద టేబులు పొడుగు సాగుతుంది, వీధంత, గెడ్డంత. పిల్ల అవతలి కొసన ఉంది.

"సగం సంతకం సెల్లదు. పాత మాటే ఉంటాది," అంటాడు సుబేదారు. "రాసిన నాలుగు అచ్చరాలు మాత్రం సెరగవు."

"ఉండనీండి సాబ్. నమ్మకండి నన్ను. నాను ఇంటికాడే ఉన్నాను."

జేబులో ఏదో బిగుసుకుంటుంది. తడిమి చూసుకుంటాడు. ఎనిమిదేళ్లకు సిరా ఆరింది.

"ఫైలు మూసే ముందు ఆఖరి హాజరు పిలవాల," అని సుబేదారు లేచి నిలబడతాడు. "అసిరినాయుడు."

అసిరినాయుడు పలికేలోపే అవతల పసిగుడ్డు నోరు తెరుస్తుంది. ఏడవాల్సింది. దండాసి గొంతుతో "హాజర్ సాబ్" అంటుంది. మళ్లీ అంటుంది. ఏడుసార్లు అంటుంది.

పలికిన చోటల్లా మనిషి నిలబడతాడు. టేబులు పొడుగునా ఏడుగురు అసిరినాయుళ్లు నిలబడ్డారు, నల్ల చొక్కాలతో. ఒక్కడూ సావధాన్‌లో లేడు, అందరి అరచేతులూ ముందుకు చాచి ఉన్నాయి. మొదటివాడు పిల్లను పట్టుకుంటాడు. అతని చేతుల్లో ఆమెకు ఏడాది నిండుతుంది. రెండోవాడి చేతుల్లో రెండేళ్లు. జుట్టు పెరుగుతోంది, పళ్లు వస్తున్నాయి, అయిదోవాడి దగ్గర నవ్వుతోంది. ఏడోవాడు ఆమెను భుజం దాకా ఎత్తి పక్కకు అందిస్తున్నాడు.

పక్కన ఎనిమిదోవాడు క్యాంపులో ఉన్నవాడు. అతని అవతలే చేతులు చాపుకుని అసిరినాయుడు. క్యాంపు వాడి చేతులు వదిలించే విశ్రామ్ మాట సుబేదారు అనడం లేదు. పైడిశ్రీ ఏడోవాడి వేళ్లలోంచి జారుతోంది. యూనిఫారం వాడు చూపు తిప్పలేదు, కానీ అతని ప్యాంటు పక్క కుట్టు దగ్గర దారాలు ఒక్కొక్కటే పుటుక్కుమంటున్నాయి.