ఒక డోర్ నంబరుకి ఒకటే కనెక్షన్

కృపావరం ఏ పనైనా ఆలోచించి చేసే మనిషి. అంటే పక్కవాళ్లు ఆ పని ముగించుకుని, దాని ఊసు కూడా మర్చిపోయాక, ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉంటాడు. పిడుగురాళ్లలో ఒక సున్నం బట్టీ దగ్గర లారీలు తూచే కాటా మీద ఇరవై రెండేళ్లుగా కూర్చున్నవాడు కాబట్టి లోకంలో దేన్నయినా తూచి చూడందే నమ్మడు. అలాంటి మనిషి మీద ఇంటికి ఇంటర్నెట్ పెట్టించే పని పడింది. అదీ నాలుగే రోజుల గడువుతో.

పని తెచ్చిపెట్టింది కూతురు రేచల్. డిగ్రీ అయ్యాక రెండేళ్ల పాటు ఇంట్లోనే ఏవో కోర్సులు చదివి, పరీక్షలు రాసి, హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం కొట్టింది. ఆసుపత్రుల కాగితాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కించాలి, ఇల్లు కదలక్కర్లేదు. కాకపోతే ఒక షరతు. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా ఇంట్లో వైరు లైను ఉండాలి. ఆ వైరు లాప్‌టాప్‌కి గుచ్చి ఉన్న ఫోటో, ఇంటి డోర్ నంబరుతో ఉన్న బిల్లు పంపాలి. పంపకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాత ఉన్న పిల్లకు పోతుంది.

"వైరెందుకమ్మా? ఫోన్లో నెట్టు చాలదా? నాకు చూడు, ఎంత స్పీడొస్తదో!" అన్నాడు కృపావరం.

రేచల్ తల్లి వైపు చూసింది. తల్లి జ్ఞానమ్మ పొయ్యి వైపు చూసింది.

ఆయన ఫోను సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పదిమందిని విచారించి, పది ప్యాకులు పోల్చి, చివరికి ఒకటి ఎంచుకున్నాడు. ఇంట్లో మంచం మీద పడుకుని ప్రసంగాలు, పాత సినిమాలు, లారీ ఇంజన్లు విప్పే వీడియోలు గంటల తరబడి చూసినా ఎక్కడా ఆగదు. బట్టీ దగ్గరికి పోతే మాత్రం అదే ఫోను గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. "సున్నం దుమ్ముకి సిగ్నల్ ఆగిపోద్దిరా, నాయనా" అని బట్టీలో అందరికీ శాస్త్రం చెప్పాడు. ఆయన మాట విని అదే ప్యాకు వేయించుకున్న నలుగురికి ఇంట్లోనూ తిరుగుతూనే ఉంది. వాళ్ల ఇళ్లలో కూడా దుమ్ముందేమోనని ఆయన అనుమానం.

అయినా కూతురి ఉద్యోగం కదా. కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. మొదట ఒక పెద్ద కంపెనీ మనిషిని పట్టుకున్నాడు. తీగ బాగుంది, మాట బాగుంది, కనెక్షన్‌కి మాత్రం పది రోజులన్నాడు. రెండో కంపెనీ తీగ వాళ్ల వీధి మొదట్లోనే ఆగింది. ఈలోగా రాళ్ల లారీలు ఎత్తుగా లోడేసుకుని పోతూ ఎవరి తీగలు తెంపుతున్నాయో, ఎవరివి తప్పించుకుంటున్నాయో మెడ పైకెత్తి వీధంతా కొలిచాడు. కేబుల్ ఆఫీసు మోయిన్ తీగే అన్నిటికన్నా పైన ఉంది. మోడెం రెండు యాంటెన్నా కొమ్ములదా, నాలుగు కొమ్ములదా అన్నది ఇంకో రోజు తిన్నది. నాలుగు కొమ్ములదే అని తేల్చుకుని శనివారం పొద్దున్నే ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని మోయిన్ దగ్గరికి పోయాడు.

మోయిన్ ఆ వీధుల్లో పుట్టి పెరిగినవాడు, అందరినీ వరస పెట్టే పిలుస్తాడు. "కూర్చో బాబాయ్" అని కుర్చీ లాగి, కార్డు చూసి డోర్ నంబరు కొట్టాడు. కొట్టి ఆగిపోయాడు.

"బాబాయ్, ఈ నంబరు మీద లైనుందిగా. రెండేళ్లయింది."

"మా ఇంట్లోనా? తీగే లేందే లైనెక్కడిదయ్యా?"

"బెంజిమిన్ బాబాయ్ పేరు మీదుంది. ఒక డోర్ నంబరుకి ఒకటే ఇస్తది సిస్టం. రెండోది కావాలంటే ఆయన సంతకం పెట్టాలి, పైకి రాయాలి. వారం పడుద్ది."

కృపావరం ముఖం కందగడ్డయింది. బెంజిమిన్ ఆయన సొంత తమ్ముడు. తండ్రి కట్టిన ఇంటికి నడుమ గోడ పెట్టి ఇద్దరూ పంచుకున్నారు. ఆ గోడ తన వైపుకి జానెడు జరిగిందని అన్న, జరగలేదని తమ్ముడు. టేపులు పట్టారు, పెద్దమనుషుల్లో పెట్టారు, చివరికి కృపావరమే కోర్టుకెక్కి, తీర్పు వచ్చేదాకా ఆ గోడకు ఎవరూ మేకు కూడా కొట్టకూడదని స్టే తెచ్చాడు. ఆరేళ్లయింది. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఆదివారం చర్చిలో ఒకడు ముందు వరసలో కూర్చుంటే రెండోవాడు తలుపు దగ్గర కూర్చుంటాడు. ఇంటికి గుమ్మాలు రెండయ్యాయి, కరెంటు మీటర్లు రెండయ్యాయి. డోర్ నంబరు మాత్రం గోడ సంగతి తేలేదాకా ఒకటే.

"వాడి సంతకం నాకక్కర్లా" అని లేచాడు కృపావరం.

"అసలు కొత్తదెందుకు బాబాయ్? మీ ఇంట్లో వాళ్లు వాడేది ఆ లైనేగా?" అన్నాడు మోయిన్, లోకం తెలియని అమాయకుడిలా.

"ఎవరయ్యా వాడేది?"

మోయిన్ కంప్యూటర్ని ఆయన వైపు తిప్పాడు. "ఇదిగో, ఈ నెల ఆ మోడెం మీద నడిచినయ్యి. రేచల్ లాప్‌టాప్. రేచల్ ఫోను. జ్ఞానమ్మ ఫోను. కృపావరం ఫోను."

"ఏ కృపావరం?"

"మన వీధిలో ఆ పేరు ఇంకెవరికుంది బాబాయ్? అందరికంటే ఎక్కువ వాడింది నువ్వే."

కృపావరం కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుని కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీసి, దాన్ని ఎవరో పరాయివాళ్లది చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. తమ్ముడి వాకిలి ముందు నీడన నిలబడటానికి కూడా ఇష్టపడని మనిషి. రెండేళ్లుగా రోజూ సాయంత్రం మంచం మీద వెల్లకిలా పడుకుని చూసినవన్నీ తమ్ముడి తీగలోంచి వచ్చినవా? బట్టీలో ఆగిపోయేది తన ప్యాకూ, ఇంట్లో పరిగెత్తేది వాడి లైనూ. సున్నం దుమ్ము ఏ పాపమూ ఎరగదు.

"నీ పాపకి వైరు లైనే కావాలంటే ఐదు నిమిషాల పని బాబాయ్" అంటున్నాడు మోయిన్. "ఆ మోడెం నుంచే లాగొచ్చు. బిల్లు మీద డోర్ నంబరు మీదేగా. గోడకి చిన్న బెజ్జం కొడితే సరి."

గోడ అన్న మాట వినగానే కృపావరం లేచి బయటికి నడిచాడు.

ఇంటికొచ్చి అరవాలనుకున్నాడు. అరవకుండానే ఫోను తీసి భార్యాకూతుళ్ల మధ్య బల్ల మీద పెట్టి, "దీంట్లో వాడి వైఫై ఎవరు పెట్టారు?" అన్నాడు.

ముందు రేచలే నోరు తెరిచింది. "నేనే నాన్నా."

"ఎవరిచ్చారు పాస్‌వర్డు?"

"చిన్నాన్నే ఇచ్చాడు. నా పరీక్షలు, ఇంటర్వ్యూ, అన్నీ దానిమీదే నాన్నా. నీకు చెబితే ఉండనియ్యవుగా."

"మీరు వాడారు, సరే. మధ్యలో నా ఫోనెందుకు?"

జ్ఞానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మజ్జాన్నానికే నీ ప్యాకు అయిపోయేది. అయిపోయిన కాడ్నుంచి ఇల్లు పీకి పందిరేసేవాడివి. అన్న ఫోన్లో కూడా పెట్టమ్మా, చెప్పమాకండి అన్నాడు నీ తమ్ముడే."

రెండేళ్లు. ఇల్లంతటికీ తెలుసు, గోడవతలికీ తెలుసు, కేబుల్ ఆఫీసుకీ తెలుసు. తెలియనిది తనొక్కడికే. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని బతికిన మనిషికి, ఆ కుందేలే తనది కాదని తేలితే ఎలా ఉంటుంది? సిగ్గు వేసింది. సిగ్గు కంటే ఎక్కువ భయం వేసింది, ఇంకా ఏమేం తెలియవో అని. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లాడు. "లాయరు దగ్గరికి పోతన్నట్టుండాడు" అని వెనక జ్ఞానమ్మ గొంతు వినపడింది.

లాయరు దగ్గరికి కాదు. తన గుమ్మం దిగి, పదిహేను అడుగులు నడిచి, పక్క గుమ్మం ఎక్కాడు. ఆ పదిహేను అడుగులకి ఆరేళ్లు పట్టింది.

బెంజిమిన్ లారీ డ్రైవరు. నెలకు ఇరవై రోజులు సున్నం లోడుతో రోడ్ల మీదే ఉంటాడు. భార్య పెళ్లయిన నాలుగేళ్లకే జబ్బు చేసి పోయింది, పిల్లల్లేరు. ఆ వేళ ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో అన్నను చూసి, తాగుతున్న టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రమ్మనాలో, ఏమైందనాలో తెలియలేదు అతనికి.

కృపావరం లోపలికి చూశాడు. ఒక మంచం, ఒక స్టవ్వు, దండెం మీద రెండు ఖాకీ చొక్కాలు. కిటికీలో నంబర్లు నొక్కే పాత ఫోను ఒకటి ఛార్జింగుకి పెట్టి ఉంది. టీవీ లేదు. గోడ పక్కన మాత్రం ఒక ఇనప ట్రంకు నిలువుగా నిలబెట్టి, దాని మీద మోడెంను సుతిలితాడుతో కట్టి, కొమ్ములు గోడకు ఆనేటట్టు పెట్టి ఉంది. పచ్చ దీపాలు వెలుగుతున్నాయి.

"ట్రంకు మీదెందుకు పెట్టావు?" ఆరేళ్ల తర్వాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అదే.

"మేకు కొట్టకూడదుగా అన్నా. స్టే ఉందిగా."

కృపావరం ఇల్లంతా మళ్లీ ఒకసారి చూశాడు. "నువ్వేం చూస్తావురా దీంట్లో? నీకా ఫోనే గదా ఉంది."

"నాకేం పని అన్నా దాంతో?"

"మరెందుకురా పెట్టించావు?"

బెంజిమిన్ గ్లాసు కింద పెట్టాడు. "నేనొక రోజు మజ్జాన్నం లోడు దింపుకుని వచ్చా. మన రేచల్ రోడ్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ కాడ నిలబడి, ఎండలో, ఫోను పైకెత్తి పట్టుకుని పాఠం వింటంది. లారీలన్నీ పక్కనించే పోతన్నయ్యి. ఇంట్లో సిగ్నల్ రాదు చిన్నాన్నా అంది. నా చేతుల మీద పెరిగిన పిల్లన్నా అది. నీకు చెబుదామంటే మాట లేకపాయె. మర్నాడే పోయి పెట్టించా."

ఈ ఇంట్లో ఆ మోడెంతో పనున్నవాళ్లు ఎవరూ లేరు. నెట్టెక్కని ఫోనుతో, టీవీ కూడా లేకుండా, అన్న కూతురి కోసం రెండేళ్లు లైను నడిపాడు ఈ మనిషి. కృపావరం మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. జీవితంలో ఇన్ని వేల లారీలు తూచాడు గానీ, ఇంత తప్పుగా ఎప్పుడూ తూచలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

కాసేపటికి తమ్ముడి ఫోనే తీసుకుని మోయిన్‌కి చేశాడు. "డ్రిల్లు తీసుకురా. వైరు కూడా."

మోయిన్ పావుగంటలో వచ్చాడు. గోడను చూసి వెనక్కి జరిగాడు. "స్టే ఉన్న గోడంటగా బాబాయ్. రేపు కోర్టులో నా పేరొస్తే? నేను ముట్టుకోను."

"వద్దన్నా" అన్నాడు బెంజిమిన్ కంగారుగా. "మీ లాయరుకి తెలిస్తే నీ కేసే పోద్ది."

"స్టే తెచ్చింది నేను. బెజ్జం కొట్టేది కూడా నేనే. ఆ ట్రంకు పక్కకి లాగు."

డ్రిల్లు పట్టుకోవడం ఆయనకు ఏనాడూ అలవాటు లేదు. మొదటిసారి నొక్కగానే అది చేతిలోంచి ఎగిరినంత పని చేసింది. బెంజిమిన్ గబుక్కున వచ్చి అన్న మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నొక్కారు. ఇటుక పొడి ఇద్దరి చొక్కాల మీదా రాలింది. కాసేపటికి బర్రుమన్న చప్పుడు మారింది, మొన అవతలికి దిగింది.

అవతల గిన్నె ఏదో కింద పడింది. వెంటనే జ్ఞానమ్మ కేక వినపడింది.

"బెంజిమినూ! ఏం చేస్తన్నావయ్యా! నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఆపు, ఆపు! మీ అన్న లాయరు దగ్గరికి పోయుండాడు. వచ్చి గోడ చూశాడంటే నిన్ను బతకనియ్యడయ్యా! ఏమే రేచల్, పరిగెత్తవే, మీ నాన్న వొచ్చేలోపల ఆ బెజ్జానికి ఏదన్నా అడ్డం పెట్టు!"

కృపావరం డ్రిల్లు పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, వైరు కొస బెజ్జంలోకి దూర్చాడు. నోరు గోడకు దగ్గరగా పెట్టాడు.

"నేనేనే, జ్ఞానమ్మా. వైరందుకో."

అవతలి నుంచి ఎవరో వైరు కొస పట్టుకుని మెల్లగా లాగారు.