క్లచ్చి లేని కారు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు కంభంలోని ఆసుపత్రి డాక్టరు దొరకు అమెరికా నుంచి కొత్త కారు వచ్చింది. దానికి క్లచ్చి లేదు. దొర దగ్గర ఏళ్ల తరబడి డ్రైవరుగా ఉన్న ఏబేలు, మొదటిరోజే అలవాటు కొద్దీ ఎడమకాలితో క్లచ్చి తొక్కబోయి బ్రేకు తొక్కాడు. దొర నుదురు అద్దానికి కొట్టుకొని బొప్పి కట్టింది. మర్నాడు తాళాలు వరప్రసాదం చేతికి వెళ్లాయి.

వరప్రసాదం ఏబేలు బామ్మర్ది. పట్టాళంలో ఇలాంటి బండ్లు నడిపి వచ్చినవాడు.

ఏబేలుకు పాత వ్యాను మిగిలింది. కొత్త కారు బజారులో ఆగితే జనం మూగేవారు, వరప్రసాదాన్ని పేరుపెట్టి పలకరించేవారు. అది చూస్తే ఏబేలుకు కడుపు మండిపోయేది. ఇంట్లో భార్య సువార్తమ్మ తమ్ముడికి కొసరి కొసరి వడ్డిస్తుంటే ఇంకా మండేది.

"నువ్వు గూడా నేర్చుకో బావా. శానా సులువు" అన్నాడు వరప్రసాదం.

"కుట్టుమిషనుకైనా రెండు కాళ్లతో పనుంటాది. అదీ ఒక బండేనా?" అన్నాడు ఏబేలు.

ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక వరప్రసాదం కారును అక్క ఇంటి ముందు వాలులో నిలిపి, భోజనానికి కూర్చున్నాడు. తమ్ముడికి చల్లటి నీళ్లు తెస్తానని సువార్తమ్మ కడవతో వాలు కింది బావికి పరుగెత్తింది. తన కోసం ఎన్నడైనా ఇట్లా పరుగెత్తిందా? ఏబేలు సగం అన్నంలో లేచి బయటికొచ్చి, కారెక్కి కూర్చున్నాడు.

దీన్ని తానూ కదిలించగలనని హ్యాండ్‌బ్రేకు వదిలాడు. కారు కదల్లేదు. స్టీరింగు కింది గేరు రాడ్డును న్యూట్రల్‌కు జరిపాడు. ఇంజను ఆపాక రాడ్డు రివర్సులో ఉంటేనే ఆ కారు చక్రాలు బిగిసి నిలుస్తాయని అతనికి తెలియదు. కారు వెనక్కి జారింది. కంగారులో ఎడమకాలు లేని క్లచ్చిని వెతికింది. కుడికాలు బ్రేకుకు బదులు యాక్సిలేటరు మీద పడింది.

వరప్రసాదం ఎంగిలిచేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. "ఎడమకాలు మర్చిపో బావా! కుడికాలు బ్రేకు మీద పెట్టు!"

ఏబేలు బలమంతా పెట్టి తొక్కాడు. సువార్తమ్మ కడవ వదిలేసి పక్కకు దూకింది. బంపరు బావిగట్టుకు తగిలి వంగింది. కారు ఆగింది.

దొర వచ్చి ఎవరినీ అడగకముందే వరప్రసాదం, "నాదే తప్పు దొరా. రివర్సులో పెట్టకుండానే దిగినాను" అన్నాడు.

"రేపటినుండి నీవు కారు ముట్టవద్దు" అన్నాడు దొర.

ఏబేలుకు సంతోషం కలగాలి. కానీ సువార్తమ్మ తమ్ముడి వంక మెచ్చుకోలుగా చూసిన చూపు అతన్ని కాల్చేసింది. చివరికి ఆ మంచితనం కూడా వాడికేనా?

"వాడు అబద్ధం చెప్తాండాడు దొరా" అని అరిచాడు ఏబేలు. "వాడు సరిగ్గానే పెట్టినాడు. తీసింది నేను."

దొర అతని వైపు తిరిగాడు. "అట్లయితే ప్రసాదమే నీకు నేర్పవలెను."

నేర్పాడు. న్యూట్రల్‌లోనే ఇంజను స్టార్టు చేయడం, కుడికాలు బ్రేకు మీద ఉంచి గేరు మార్చడం, దిగే ముందు ఇంజను ఆపి రివర్సులో పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగడం. ఏబేలు పళ్లు బిగించి నేర్చుకున్నాడు.

వానాకాలంలో గిద్దలూరులో ఒక కష్టమైన కాన్పుకు దొరను అతనే తీసుకెళ్లాడు. తల్లీబిడ్డా దక్కారు. తిరిగొచ్చి భార్యతో, "నీ తమ్మునికన్నా బాగా తోలినాను. కావాలంటే దొరను అడుగు" అన్నాడు.

"మొన్ననే అడిగినాలే" అంది సువార్తమ్మ. "ఇద్దరూ ఒకటే అన్నాడు."

ఏబేలు మొహం మాడ్చుకొని కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.